బొమ్మ మీది మూడు మాటలు

1817లో ఢిల్లీ ఎర్రకోటలోని దివానె ఖాస్‌ను ఒక చిత్రకారుడు కాగితం మీదికెక్కించాడు. ఆయన పేరు గులాం అలీఖాన్. ఆ బొమ్మ మీద తన గురించి మూడు సంగతులు రాసుకున్నాడు. పాదుషాల వంశానికి తరతరాల దాసుణ్ణి. మనుషుల రూపాలు గీసేవాణ్ణి. షాజహానాబాదు నివాసిని. అంటే కొలువు, పని, ఊరు. మతం సంగతి వేరే చెప్పుకోలేదు. పేరులోనే ఉంది కదా, ఇంకా చెప్పేదేముంది?

ఆ కొలువు అప్పటికే పేరుకు మిగిలింది. 1803లోనే ఢిల్లీ కంపెనీవాళ్ల చేతికి పోయింది. పాదుషా అక్బర్ షా వాళ్లిచ్చే పింఛను మీద బతికేవాడు. పింఛనుదారు కొలువులో చిత్రకారుడికి ఎన్నాళ్లు గడుస్తుంది? గులాం అలీఖాన్ కోట దాటి బయటికొచ్చాడు. 1827లో కర్నల్ జేమ్స్ స్కిన్నర్ తన సైనికులతో తీర్చిన దర్బారును గీశాడు. మరుసటి ఏడు హాన్సీలో స్కిన్నర్ వ్యవసాయ క్షేత్రాన్ని గీశాడు. ఈ స్కిన్నర్ స్కాట్లండు తండ్రికి, రాజపుత్ర తల్లికి పుట్టినవాడు, ఫార్సీలో పుస్తకాలు రాసినవాడు. ఏ గూటి పక్షో తేల్చడం కష్టం. 1837లో బహదూర్ షా జఫర్ గద్దెనెక్కాక, ఆయన చిత్తరువూ గీశాడు. 1850 ప్రాంతంలో ఝజ్జర్ నవాబు అబ్దుర్ రహ్మాన్ ఖాన్ దగ్గర పని. నవాబుగారు తోటలో తన పెంపుడు పులినెక్కి స్వారీ చేస్తున్న బొమ్మ ఈయనదే.

కోట, పొలం, పులి. నువ్వు ముస్లింవి, మసీదులే గీయమని ఆయన్నెవరూ కట్టెయ్యలేదు. అలాగని ఆయన స్వేచ్ఛాజీవి అనను. డబ్బిచ్చినవాడి ఆస్తినే గీశాడు. ఇలాంటివాళ్ల పనికి చరిత్రకారులు 'కంపెనీ చిత్రకళ' అని పేరుపెట్టారు. కుంచె ఒకరిది, పేరు ఇంకొకరిది.

తర్వాత 1857. సెప్టెంబరులో ఢిల్లీని తిరిగి పట్టుకున్న ఇంగ్లీషువాళ్లు ఊరి జనాన్ని వెళ్లగొట్టారు. పులినెక్కిన నవాబును డిసెంబరులో ఉరితీశారు. 1858లో జఫర్‌ను రంగూన్ పంపారు. దివానె ఖాస్ మిగిలింది గాని, కోటలోపలి మహళ్లు చాలావాటిని కూల్చి సైనికులకు బారకాసులు కట్టారు. 1858లో హిందువులను ఊళ్లోకి రానిచ్చారు. ముస్లింలను అంత త్వరగా రానివ్వలేదు. తిరుగుబాటులో ఇద్దరూ కలిసే పోరాడారు. కానీ ఊరి దర్వాజా దగ్గర తేడా వచ్చింది. ఏం పని చేస్తావు, ఎన్ని తరాలుగా ఈ ఊళ్లో ఉన్నావు అన్నది లెక్కలోకి రాలేదు. చిత్రకారుడు రాయనక్కర్లేదనుకున్న నాలుగో సంగతే అక్కడ మొదటిదీ చివరిదీ అయింది.

ఈ చరిత్ర నాకు పాతదనిపించదు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఇరవయ్యేళ్లుగా పత్రికల్లో పని. రంజాన్ వస్తే హలీం మీద రాయమంటారు. పీర్ల పండుగొస్తే పీర్ల మీద. ఎక్కడైనా బాంబు పేలితే "మీవాళ్లేమంటున్నారు?" అని అడుగుతారు. ఒకసారి మా ఊరి చెరువు మీద రాసిస్తే, "ఇందులో మీ కోణమేదీ?" అన్నారు ఒక డెస్కులో. ఆ చెరువు గట్టు మీద ఆడుకుని పెరిగాను. అంతకన్నా కోణమేం కావాలి?

మా గాయాల మీద మేం రాయొద్దని కాదు. రాస్తాం. మేం రాయకపోతే ఎవరు రాస్తారు? కానీ చెరువూ, చేనూ, పెంపుడు మేకా, పాత గడియారస్తంభం కూడా మావే. మావాళ్లలోనూ "కౌమ్ ఇంత కష్టంలో ఉంటే నీకీ చెట్టూచేమల గోలేమిటి భాయ్?" అనేవాళ్లున్నారు. వాళ్లకు తెలియకుండానే వాళ్లూ ఆ దర్వాజాకే కాపలా కాస్తున్నారు.

గులాం అలీఖాన్ దాసుణ్ణని రాసుకున్నాడు. మనకా మాట అక్కర్లేదు. ఆ జాగాలో నేను పౌరుణ్ణని రాసుకుంటాను. మిగతా రెండూ అలాగే ఉంచుతాను. రాసేవాణ్ణి. ఈ ఊరివాణ్ణి. నాలుగోది నా పేరు చూసి ఎలాగూ తెలుసుకుంటారు. తెలుసుకోండి, దాచడం లేదు. దాన్ని చూసి మిగతా మూడూ కొట్టెయ్యకండి.