పండుగనాటి వెండి పాత్రలు

సంక్రాంతికి కొత్తయల్లుడు వచ్చుచున్నాడనగానే ఏలూరు తాడేపల్లిగూడెముల నడుమ మా వైపు గృహములలో మున్ముందుగా అటుకమీదినుండి దిగునది వెండిసామానుల పెట్టె. అల్లునికి వెండి కంచము, వియ్యపురాలికి వెండి గ్లాసుతో మజ్జిగ, పేరంటాండ్రకు గంధపుగిన్నె, పన్నీరుబుడ్డి, తాంబూలపు పళ్ళెము. ఇవి లేనిదే మర్యాద జరుగదని నేననను. ఉండియు పెట్టెలో దాచుటకంటె లోభము వేఱొకటి లేదని మాత్రము నా యభిప్రాయము.

ఇప్పుడా పెట్టెలు పెక్కు బ్యాంకు లాకరులను చేరినవి. 2025లో కిలో వెండి వెల లక్ష రూపాయలు దాటిన పిమ్మట వానిని కరగింపవలెనను మాటయు ఇంటింట వినబడుచున్నది. మా యింటను వినబడెను. మా తోడికోడలిది కొల్లేటి పక్క గ్రామము. రొయ్యలకు తెగులు తగిలి చెరువు నష్టపడగా, కుమారుని కళాశాల రుసుము చెల్లింపవలసిన దినమున ఆమె, "అక్కయ్యా, అత్తగారి వెండి తీసివేయుదమా?" యని యడిగెను. చదువు నాపి కంచములు దాచుకొందునని యే తల్లి యనగలదు?

అయితే ఏది తీయవలెనో చూడవలెను గదా! పన్నీరుబుడ్డి చూపునకు బరువుగా నుండును. దాని కాడ, అడుగు బోలుగా చేసి లక్క నింపుదురు. కరగించినచో లక్కయు అతుకుల లోహమును పోగా మిగులు వెండి కొంచెమే. నగిషీపనికి మూసలో వెలయే లేదు. నునుపైన కంచములు అట్లుగావు. తూచిన తూకము చాలవఱకు చేతికి వచ్చును. కావున రెండు కంచములు అమ్మి పన్నీరుబుడ్డిని, తీగపని పళ్ళెమును నిలుపుకొంటిమి. ఇట్టి తీగపనికి కరీంనగరము పేరుపొందినది. అచ్చటి పనివారు సన్నని వెండితీగలను మెలిపెట్టి, వంచి, అతికి లతలు పువ్వులు తీర్తురు. దానిని కరగించుట నా కన్నులు చూడలేవు.

వాడుకలో కొన్ని మెలకువలు గలవు. ఉప్పు, చింతపండు కలిసిన పదార్థములు వెండిలో నిలువ యుంచరాదు. కొల్లేటి లంకలలో చుట్టములకు వండు కొరమీను పులుసు మట్టిదాకలోనే శోభించును. పులిహోర పెట్టదలచినచో పళ్ళెములో అరటియాకు పఱచుడు. అరిసెలు, సున్నుండలు, పరమాన్నము నిశ్చింతగా వడ్డింపవచ్చును. కోడిగ్రుడ్డు తగిలిన చెంచా నల్లబడుట చూచియే యుందురు. అది గంధకము చేయు పని. ఉల్లిపాయయందును గంధకమున్నది. తాడేపల్లిగూడెము ఉల్లి బజారునుండి తెచ్చిన బస్తా నుంచిన కొట్టులోనే వెండిపెట్టె పెట్టుట, దానికి మసి పూయుటయే. ఏలూరు తివాచీలు జగత్ప్రసిద్ధములే గాని ఉన్నిలోను గంధకము గలదు. ఉన్నిగుడ్డలో వెండి చుట్టరాదు, రబ్బరు పట్టీయు వేయరాదు. ఉతికి ఆరవేసిన పాత నూలు పంచె చాలును.

తోముటకు జల్లించిన మెత్తని విభూతి, మెత్తని గుడ్డ మేలు. ముతక పొడులు గీతలు పెట్టును. అల్యూమినియము రేకు పఱచిన వేడినీట వంటసోడా వేసి ముంచినచో నలుపు తిరిగి వెండిగా మాఱును. ఇది నునుపు కంచములకే తగును. నగిషీపాత్రల పల్లములందలి నలుపు పనివాడు కోరి నిలిపినది. అది పోయినచో లతలు కనబడవు. లక్క నింపిన పన్నీరుబుడ్డిని వేడినీట అసలే ముంపరాదు.

ఈ సంక్రాంతికి ఆ బుడ్డి మా తోడికోడలి యింటనే యున్నది. కుమారుడు సెలవులకు వచ్చి పేరంటాండ్రపై పన్నీరు చిలుకరించెనట; మూతి రంధ్రములలో రెండు పూడుకొనిపోయి పన్నీరొక ప్రక్కకే చిమ్ముచున్నదని యామె వ్రాసినది. సన్నని వెదురుపుల్లతో తీయుము, ఇనుపసూది వాడవలదు, అని బదులు వ్రాసితిని.