జాడ చెప్పుట

ఇల్లు వెడలువారిని "ఎక్కడికి?" అని యడుగరాదని మన పెద్దలు చెప్పుదురు. అడిగినచో పోవు పని చెడునని భయము. వెడలువారును "పోయెద" ననరాదు, "పోయి వచ్చెద" ననవలెను. నేను శకునములను నమ్మునదానను గాను. చిన్ననాటినుండియు ఇట్టి యాచారములను చూచి నవ్వినదానను. అయినను ఈ రెంటిలో నొక మర్యాద యున్నదని యిటీవల తోచుచున్నది. పోవువారు తిరిగి వచ్చెదమని మాట యిత్తురు. ఉన్నవారు ఆ మాటను నమ్మి, ఎక్కడికని యడుగక గడపకడ నిలుతురు. నేడు మన చేతిలోని ఫోను ఆ మర్యాదను తలక్రిందులు చేసినది. "పోయి వచ్చెద" నని చెప్పినను చెప్పకున్నను, "ఎక్కడ?" అను ప్రశ్నకు మాత్రము అది క్షణక్షణమును ప్రత్యుత్తర మిచ్చుచునే యుండును.

నాకీ యాలోచన సైకిలువలన కలిగినది. ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పిదప మోకాళ్లకు వ్యాయామమని మొదలిడి, ఇప్పు డది లేక యుండలేని స్థితికి వచ్చితిని. వేకువనే ఆలంపురమునుండి బయలుదేరి, హైదరాబాదు బెంగుళూరు రహదారిమీది చౌరస్తా వరకు పోయి, అచ్చట టీ త్రాగి, ఎండ ముదరకముందే మరలుదును. శీతకాలమైనచో ఇరుప్రక్కల నల్లరేగడిలో శనగయు మిరపయు; అంతకు ముందు ప్రత్తిచేల నడుమ త్రోవ. కొన్ని దినము లా వైపు పోక, పాపనాశి గుళ్లమీదుగా తుంగభద్ర యొడ్డున తిరుగుదును. అరువదికి చేరువైన స్త్రీ సైకిలు త్రొక్కుట మొదట ఊరికి వింత. మూడు నెలలకు ఊరు మరచినది. ఇంటివారు మాత్రము మరువలేదు.

వారి భయము నిరాధారమని నే ననను. 2022వ సంవత్సరమున మన దేశమున రహదారి ప్రమాదములలో మరణించినవారు, ప్రభుత్వపు లెక్కల ప్రకారమే, 1,68,491 మంది. చౌరస్తాకడ లారీలు వచ్చు వేగమును చూచినవా రెవరును సైకిలు త్రొక్కువారి యింటివారిని పిరికివారని పరిహసింపజాలరు. కావున డాలసులోనున్న మా యబ్బాయి సెలవులకు వచ్చినపుడు నా ఫోనులో వాట్సాపు తెరచి, "అమ్మా, బయలుదేరేటప్పుడు ఇది నొక్కు, చాలు" అని నేర్పి పోయెను. పదునైదు నిమిషములు, ఒక గంట, ఎనిమిది గంటలు అని అందు మూడు గడువులుండును. ఒకటి యెంచి నొక్కినచో, మన మెక్కడ నున్నామో మనము కోరినవారి ఫోనులో పటముమీద కదలుచు కనబడును. వేసవిలో నేను ఐదున్నరకు గడప దాటునప్పటికి వాని కచ్చట ముందటి దినము సాయంకాలము ఏడు గంటలు. అన్నము తినుచు తల్లి చుక్కను చూచుచుండునట. సముద్రముల కవతలనుండి కొడుకు నాతోకూడ చౌరస్తాదాక వచ్చుచున్నాడన్న తలపు నాకును తీపిగానే యుండెను. ఆ తీపిని దాచి యీ వ్యాసము వ్రాసినచో నది యసత్య మగును.

అయితే ఆ చుక్క యేమి యెరుగునో, ఏమి యెరుగదో తెలిసికొనుట మంచిది. ఆకాశమునుండి ఉపగ్రహము మనలను కనిపెట్టి చూచుచున్నదని చాలమంది తలంతురు. అది చూడదు. సుమారు 20,000 కిలోమీటర్ల యెత్తున తిరుగు జీపీయస్ ఉపగ్రహములు తమ కాలమును, తామున్న చోటును చాటుచు పోవును. మన ఫోను నాలుగింటి చాటింపునైనను విని, ఏది యెంత యాలస్యముగ వచ్చినదో లెక్కించి, తానున్న చోటును తానే నిర్ణయించుకొనును. అంతవరకు మన సంగతి మనకడనే యున్నది. పిమ్మట ఫోను దానిని సెల్ టవరు మార్గమున కంపెనీవారి యంత్రములకును, అచ్చటినుండి మనవారి ఫోనునకును పంపును. మనలను చూపునది ఆకాశము గాదు, మన మిచ్చిన యనుమతి. టవరు అందనిచోట మన ఫోనునకు తెలియును, ఇంటికి తెలియదు.

ఏటియొడ్డున ఒకదిన మట్లే సిగ్నలు పోయినది. నా చుక్క సరిగా నీటి యంచున నిలిచిపోయెనట. డాలసులో గుండె జల్లుమన్నది. అబ్బాయి తండ్రికి ఫోను చేసెను. మావారు ప్రక్కింటి కుఱ్ఱవానిని మోటారుసైకిలుపై తరిమిరి. వాడు రొప్పుచు వచ్చునప్పటికి నేను రేవుకడ నొక జాలరి భార్యతో చేపల ధరను గూర్చి మాటాడుచుంటిని. మరియొక దినము దీనికి వ్యతిరేకముగ జరిగెను. చౌరస్తాకు పోవు త్రోవలో కుక్క అడ్డము రాగా పడితిని. మోచేయి చీలినది, కొంతసేపు లేవలేకపోయితిని. ఆ సమయమున నా చుక్క దివ్యముగా వెలుగుచునే యున్నది. మావారు స్నానము చేయుచుండిరి. అబ్బాయి తన పిల్లవానికి అన్నము పెట్టుచుండెను. నన్ను లేవనెత్తినవారు ప్రత్తి యేరుటకు ఆటోలో పోవుచున్న కూలి స్త్రీలు. ఒకామె కొంగు తడిపి గాయము తుడిచెను. మరియొకామె "108కి చేద్దునా అక్కా?" అని యడిగెను. పడినవారిని లేపినచో పోలీసుస్టేషను చుట్టు తిరుగవలసి వచ్చునని జనులు వెనుకాడు దినము లుండెను. 2016లో సుప్రీముకోర్టు అట్టివారికి రక్షణ కల్పించినది; 2019లో మోటారు వాహనముల చట్టమున 134ఏ సెక్షను చేర్చిరి. ఆ స్త్రీలకు ఆ సెక్షను తెలియదు. తెలియకయే లేపిరి. నేను నా చుక్కను నేటికిని వెలిగింతును గాని, దానితోకూడ చౌరస్తాలోని టీ దుకాణమువానికి మావారి నంబరును ఇచ్చియుంచితిని. రెంటిలో నాకు దేనియందు నమ్మక మెక్కువయో చదువరులే గ్రహింతురు.

ఇంతకంటె బరువైన సంగతి యొకటి చెప్పక తప్పదు. 2019 నవంబరులో, నేను టీ త్రాగు ఈ రహదారియే ఉత్తరమునకు పోయి శంషాబాదు చేరుచోట, స్కూటరు చక్రమునకు గాలి పోయి నిలిచిన యువ పశువైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియయ్యెను. ఆమె చేతిలో ఫోను ఉన్నది. తాను నిలిచిన చోటును, తన భయమును చెల్లెలికి అప్పుడే చెప్పియు నున్నది. చోటు తెలియుట కాపాడుట గాదని ఇంతకంటె దారుణముగ ఏ సంఘటన చెప్పగలదు? కాని ఆ వార్త మన యిండ్లకు వేరొక పాఠమును నేర్పినది. నేనెరిగిన యిండ్లలో నాటినుండి ఆడుపిల్లల ఫోనులలో లొకేషను వెలుగ నారంభించెను. మగపిల్లల ఫోనులలో వెలుగలేదు. రాత్రివేళ రహదారిమీద తన కొడు కెక్కడ నిలిచి యేమి చేయుచున్నాడో చూడవలెనని యే తల్లికిని తోచలేదు.

మా అమ్మాయి కర్నూలులో బ్యాంకు ఉద్యోగిని. ఆదివారములందు ఇంటికి వచ్చి నాతోకూడ సైకిలు త్రొక్కును. గత సంవత్సరము పెండ్లి నిశ్చయమైనది. వరుడు చదువుకొన్నవాడు, సౌమ్యుడు, కట్నము మాట యెత్తనివాడు. నిశ్చితార్థమైన పది దినములకు, లొకేషను ఎల్లప్పుడును వెలుగునట్లు పెట్టుమని యమ్మాయిని కోరెను. ప్రేమతోనే కోరెను, అమ్మాయియు పెట్టెను. ఒక ఆదివారము మే మిద్దరము త్రోవలో చింతచెట్టు క్రింద ఆగితిమి. కలుపు తీయుచున్న స్త్రీలు గట్టుమీదికి వచ్చి, "యాడికి పోతుండారమ్మా తల్లీబిడ్డలు?" అని యడిగి, మజ్జిగ పోసిరి. ఇరువది నిమిషము లయ్యెనేమో, ఫోను మ్రోగినది. "అక్కడ ఊరేమీ లేదు గదా, ఎందుకు ఆగినావు?" అని యతడు. అమ్మాయి సమాధానము చెప్పెను. చెప్పిన పిదప మజ్జిగ ముట్టలేదు.

చేనిలోని స్త్రీలును "యాడికి" అనియే గదా యడిగిరి! వారికి మేము నవ్వుచు బదులు చెప్పితిమి. ఎదుట నిలిచి యడుగు ప్రశ్నకు ఉన్నది చెప్పవచ్చును, "ఊరికే, తిరుగుటకు" అని దాటవేయవచ్చును. చుక్క దాటవేయలేదు. అంతకుముందు చెట్టు క్రింద ఆగుటకు కారణ మక్కరలేదు. చుక్క వెలిగిన నాటినుండి ఆగిన ప్రతిచోటునకు నొక కారణము కావలెను.

ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసి, "మీది కూడా నాకు కనబడేట్టు పెట్టండి" అనెను. అతడు నవ్వి, "నాకేం భయం? మగవాణ్ణి గదా" అన్నాడట. కోపముతో నన్న మాట గాదు. అందువలననే నాకు దిగులు హెచ్చినది. "పెండ్లికి ముందు ఇంత చిన్నమాటకు పట్టుదల యేల?" యని మావారు. నేను వారితో వాదించితిని. మా తాతమ్మల కాలమున గూడుబండికి తెరలు కట్టి స్త్రీని లోకమునకు కనబడకుండ చేసిరి, గోషా యన్నారు. నేడు తెర తీసి, లోకమంతట తిరుగనిచ్చి, ఒక్కరికి మాత్రము సర్వకాలమును కనబడుమనుచున్నారు. ఇది తెర గాదని నే నొప్పుకొనను. 1990 తరువాతి యేండ్లలో తమిళదేశపు పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చిరి. దానివలన వారికి దక్కినది వేగము మాత్రమే గాదు. బస్సుకొఱకును, వెంట తీసికొనిపోవు మగవానికొఱకును వేచియుండనక్కరలేకపోవుట. ఆ మగవాని కన్నును హ్యాండిలునకు కట్టి పంపినయెడల వారు నేర్చినదానిలో నెంత మిగులును?

ఇట్లనుటచేత లొకేషను పంపుటయే తప్పని నా యభిప్రాయము గాదు. వాట్సాపులోనిది గడువు తీరగనే తానే యారిపోవును. 2017లో గూగుల్ మ్యాప్సువారు తెచ్చిన పద్ధతిలో గడువు పెట్టవచ్చును, మన మాపువరకు వెలుగునట్లును పెట్టవచ్చును. ఫోనులో నిది చిన్న మీట. ఇంటిలో మాత్రము చాల పెద్ద భేదము. ఆరిపోవుదానిని ప్రతిదినమును మనమే వెలిగింపవలెను. వెలిగించుట "పోయి వచ్చెద" ననుట వంటిదే. ఆరనిదానిని ఆర్పవలెను, ఆర్పినవా రేదో దాచుచున్నవారై కనబడుదురు. గోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకాభిప్రాయముగ తీర్పు చెప్పిరి. ప్రభుత్వము నెదుట మన కది బలమే. అత్తవారి వాకిట ఆ తీర్పును చదివి వినిపించు ధైర్య మెందరు కోడండ్రకు గలదు? ఇక కంపెనీల మాట వేరు. వ్యాయామము చేయువారి జాడలను కలిపి స్ట్రావా యను కంపెనీ ప్రకటించిన పటములో సైనికస్థావరములు బయటపడెనని 2018 జనవరిలో లోకమంతయు గగ్గోలు పుట్టినది. పరుగుకు పోయిన ఆ సైనికులు ఎవరికిని తమ చోటు చెప్పినవారు గారు.

మా అమ్మాయి చివరకు తానే యొక యేర్పాటు చేసికొనెను. త్రోవన పోవునపుడు గడువుతో మాత్రమే పంపును. నాకో, స్నేహితురాలికో, ఒకప్పు డతనికో, తనకు తోచినవారికి. ఎల్లకాలపు చుక్కను ఆర్పెదనని యతనికి ముందుగనే చెప్పి, పిదప ఆర్పెను. మూడు వారము లతడు సరిగా మాటాడలేదు. మాఘమాసమున పెట్టిన ముహూర్తము ఉండునో తప్పునో యని మావారు కొన్ని రాత్రులు నిద్ర పోలేదు. నేనును పోలేదని వేరుగ చెప్పనేల. గత శనివారము రాత్రి అతడు హైదరాబాదునుండి కారులో కర్నూలునకు బయలుదేరి, ఎవరు నడుగకయే, తన లొకేషనును ఎనిమిది గంటల గడువుతో అమ్మాయికి పంపెను. ఆమె దానినిగూర్చి యతనితో నేమియు ననలేదు. ఫోను తెచ్చి నాకు చూపినది. అప్పటి కతడు జడ్చర్ల దాటుచుండెను.