రోజుకో ఎక్స్‌పైరీ

మనకి వారాలకి దేవుళ్లున్నారు కదా. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, శుక్రవారం లక్ష్మీదేవి. మా చెల్లెలి కొడుక్కీ వారాలుండేవి, వేరే లెక్కలో. సోమవారం మిడ్‌క్యాప్ నిఫ్టీ, మంగళవారం ఫిన్ నిఫ్టీ, బుధవారం బ్యాంక్ నిఫ్టీ, గురువారం నిఫ్టీ, శుక్రవారం సెన్సెక్స్. రోజుకో ఎక్స్‌పైరీ! మధ్యాహ్నం మూడున్నరకల్లా కొన్న ఆప్షన్ గెలిస్తే గెలిచినట్టు, లేదంటే చిత్తు కాగితం.

ఉద్యోగం వచ్చిన రెండేళ్లలో నాలుగు లక్షలు పోగొట్టాడు. అందులో లక్షన్నర, ఫ్లాట్ అడ్వాన్స్‌కని మా చెల్లి చీటీ పాడి ఇచ్చింది. సంగతి బయటపడ్డ రోజు అది అన్నం ముట్టలేదు. మా మరిది అసలు నోరెత్తలేదు, నాకు అదే ఎక్కువ భయమేసింది.

2024 సెప్టెంబరులో సెబీ లెక్కలు చెప్పింది. మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ఆడిన కోటిమందికి పైగా మామూలు జనంలో నూటికి 93 మందికి నష్టమే. మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే. వాడికి చూపిస్తే, "మిగిలిన ఏడుగురిలో నేనుంటా పెద్దమ్మా" అన్నాడు. ఏమనాలి?

ఆ అక్టోబరులోనే నిబంధనలు బిగించారు. ఒక్కో ఎక్స్ఛేంజీకి వారానికి ఒక్క సూచీ ఎక్స్‌పైరీ మాత్రమే. కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు. దాంతో నిఫ్టీ లాట్ 25 నుంచి 75 అయింది. మన పద్దు లెక్కలో చెప్పాలంటే, 40 రూపాయల ప్రీమియానికి అంతకుముందు వెయ్యి చాలు, తరువాత మూడు వేలు కావాలి. "చిన్నవాళ్లని తరిమేస్తున్నారు" అని వాడి కోపం. తరిమితే తరమనీ! కానీ పేకాటలో పందెం పెంచితే కొత్తవాడు లేచిపోతాడు, అలవాటైనవాడు అప్పు తెస్తాడు. నిబంధనలొచ్చింది ఏడాది మధ్యలో అనుకోండి, అయినా 2024-25లోనూ నూటికి 91 మంది నష్టపోయారని సెబీయే తేల్చింది. ఆ ఒక్క ఏడాదే 1.05 లక్షల కోట్లు. పదిమందిలో తొమ్మిదిమందికి నష్టమని బ్రోకర్ యాప్‌లో హెచ్చరిక పెట్టించారు కూడా. మావాడు చదవకుండానే వేలితో నెట్టేస్తాడు.

పోయిన నెల వచ్చి, "పెద్దమ్మా, నీ గాజులు రెండు నెలలు తాకట్టు పెట్టుకోనా, ఈ ఒక్కసారికి" అన్నాడు. ఇవ్వనన్నాను. అలిగి వెళ్లిపోయాడు. చెల్లి కూడా వారం రోజులు ఫోన్ చెయ్యలేదు. చేశాక, ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. జీతం పడగానే పదివేలు వాళ్లమ్మ ఖాతాలో వెయ్యాలి. మొదటి నెలది వచ్చింది.