గోడమీది సర్టిఫికెట్టు

డాక్టరు చీటీ వ్రాస్తాడు. రోగి మందు మింగుతాడు. యీ యిద్దరికీ నడుమ వొక మనిషి వున్నాడు. అతన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. మా మేనమామ అటువంటి నడిమి మనిషే గనుక ఆ సంగతి నాకు కొంచెం తెలుసు.

మామయ్య దివిసీమలో వొక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. కాలేజీ గడప తొక్కలేదు. కల్వంలో పొడి నూరడం, మిక్స్చరు కొలిచి కలపడం, సీసాకు గాట్లు పెట్టిన కాగితం పట్టీ అంటించడం, అన్నీ చూసి నేర్చినవే. “త్రాగేముందు కుదుపమ్మా! పొద్దున వొక గాటు, రాత్రి వొక గాటు” అని చెప్పి, అదే మాట తిరిగి ఆమె చేత చెప్పించేవాడు. చదువురానివాళ్లకు ఆ గాట్లే అక్షరాలు.

చూసి నేర్చుకోవడం చాలని రోజులు వచ్చాయి. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవలాల్ ష్రాఫ్‌గారు ఫార్మసీ చదువుకు నాంది పలికారు. 1948లో చట్టం వచ్చింది. రిజిస్టరైన ఫార్మసిస్టే మందు యివ్వాలి, లేదా అతని కళ్లెదుట యివ్వాలి. 1951లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ శాఖ తెరిచింది. నేడు డిప్లొమాకు రెండేళ్లు, ఆపైన శిక్షణ, బి.ఫార్మసీకి నాలుగేళ్లు, 2008లో వచ్చిన ఫార్మ్.డి.కి ఆరేళ్లు.

మా ప్రాంతానికి వైద్యవిద్య కొత్తేమీ కాదు. గుడివాడలో డాక్టర్ గురురాజుగారి పేర వున్న హోమియో కళాశాల 1945 నాటిది. బందరులో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో తెరిచారు. గుడ్లవల్లేరులో ఫార్మసీ కాలేజీ వున్నది. కాని చిత్రం చూడండి: డాక్టర్లూ నర్సులూ 1986లో బెజవాడలో వెలిసిన ఆరోగ్య విశ్వవిద్యాలయం గొడుగు క్రింద, ఫార్మసీ కాలేజీలు చాలావరకు కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయం క్రింద, ఇంజనీర్ల సరసన! అమెరికాలో మేరీలాండు రాష్ట్రపు ఫార్మసీ పాఠశాల 1841లో పుట్టింది. నేడది బాల్టిమోరులో వైద్య, నర్సింగు కళాశాలలకు పొరుగునే వున్నది. రేపు వొకే రోగిని చూడవలసినవాళ్లు చదువుకునేనాడే ముఖపరిచయం చేసుకుంటారన్నమాట.

మా అన్నగారి మనుమరాలు బి.ఫార్మసీ పూర్తిచేసింది. వెంటనే వొక షాపు యజమాని కబురు చేశాడు. “అమ్మాయి రానక్కర్లేదండీ. సర్టిఫికెట్టు గోడకు తగిలిస్తాం. నెలనెలా డబ్బు పంపిస్తాం.” చదువుకు చేసిన అప్పు యింకా నెత్తిమీదనే వున్నది. యింట్లోవాళ్లు వొప్పుకొమ్మన్నారు.

“చిన్నతాతయ్యా, మందు ఎలా వేసుకోవాలో సర్టిఫికెట్టు చెబుతుందా?” అన్నది అమ్మాయి నాతో. రెండు రోజులు యింట్లో మాటల్లేవు. చివరకు అవనిగడ్డలో మరో షాపులో, తక్కువ జీతానికి, తానే వెళ్లి నిలబడింది.

నేనొకనాడు అక్కడ వున్నాను. వొక ముసలాయన రెండు చీటీలు తెచ్చాడు. బందరు డాక్టరుది వొకటి, గుడివాడ డాక్టరుది వొకటి. మాత్రల పేర్లు వేరు. లోపలి మందు మాత్రం వొకటే, చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్. రెండూ వేసుకుంటే చక్కెర మరీ పడిపోయి మనిషి సొమ్మసిల్లవచ్చు. అమ్మాయి డాక్టరుకు ఫోను చేసింది. ఆయన వొకటి ఆపమన్నాడు. అంతా కలిసి అయిదు నిమిషాలు పట్టలేదు. నాలుగేళ్ల చదువు ఆ అయిదు నిమిషాలకోసమే గదా!

యీసారి మందుల షాపుకు వెళ్లినప్పుడు గోడవైపు చూడండి. సర్టిఫికెట్టుమీద పేరున్నవారు ఎక్కడున్నారని అడగండి. వుంటే, మందు ఎలా వాడాలో కూడా అడగండి. అడిగేవాళ్లుంటేనే చెప్పేవాళ్లను కూర్చోబెడతారు.