మా పడవ మోటారు

పడవకు మోటారు బిగించుటను గూర్చి ఒక గృహిణి వ్రాయుట సోదరీమణులకు వింతగా తోచవచ్చును. మొదట నాకును అది పురుషుల పనిగానే తోచినది. కాని బరువైన వస్తువును దేనికి వ్రేలాడదీయవలెను, వాడిన పిమ్మట నెట్లు కడిగి యారబెట్టవలెను, మండెడి వస్తువును నిప్పునకెంత దూరమున నుంచవలెను అనునవి మనము పుట్టినింటనే నేర్చిన సంగతులు. వానిని పడవ దగ్గర మరచిపోయినందున మాకు రెండు మారులు ఆపద వచ్చినది. ఆ రెండును ఇచట చెప్పెదను.

నా పుట్టినిల్లు కాకినాడ. జాలరివారు సముద్రమునుండి రాగానే మోటారును పడవనుండి విప్పి, వెదురుబొంగునకు వ్రేలగట్టి, ఇద్దరు భుజములమీద మోసికొని ఇంటికి పోవుట చిన్ననాడు చూచినదానను. అంత శ్రమ యెందులకో నాకప్పుడు తెలియలేదు. ఇప్పుడు మేము అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున, చెసపీకు అఖాతమునకు సమీపమున కాపురమున్నాము. ఆరేండ్ల క్రిందట మావారు ముచ్చటపడి 22 అడుగుల పాత తెరచాప పడవ నొకదానిని కొనిరి.

గాలి యున్నంతసేపు అట్టి పడవకు మోటారుతో పనిలేదు. కాని గాలి పడిపోయినప్పుడును, పోటు ఎదురైనప్పుడును, ఇరుకైన రేవులో ఇతరుల పడవల నడుమ దూరవలసినప్పుడును చిన్న మోటారైనను లేక గడవదు. అందులకై 4 అశ్వబలముల మోటారును తెచ్చితిమి. దాని బరువు సుమారు 25 కిలోలు; అనగా ఒక బియ్యపు మూట. పడవ వెనుకగోడ నడుమ చుక్కాని యుండును గనుక మోటారు ఒక ప్రక్కగా నుండవలెను. దానిని నేరుగా గోడకు తగిలింపరు. పైకెత్తుటకును దింపుటకును వీలైన స్ప్రింగుల బ్రాకెట్టును గోడకు బిగించి, దానిపై మోటారును కూర్చుండబెట్టి, రెండు పెద్ద మరలతో బిగించెదరు.

మోటారు కాడ పొడవును చూచుకొనవలెను. సాధారణముగా పొట్టికాడ 15 అంగుళములు, పొడుగుకాడ 20 అంగుళములు ఉండును. తెరచాప పడవకు పొడుగుకాడయే మేలు. ఏలయన అలలమీద పడవ వెనుకభాగము లేచినప్పుడు పొట్టికాడ పంకా నీటిపైకి వచ్చి వృథాగా తిరుగును. ఇదంతయు మావారు పుస్తకములు చదివి చక్కగా నేర్చిరి. మరచినది ఒక్కటే. మోటారునకు తాడు కట్టలేదు.

మొదటి వేసవిలో ఒక ఆదివారము సాయంకాలము తిరిగి వచ్చుచుండగా గాలి ఆగిపోయెను. చాపలు దింపి మోటారు నడపించుచుంటిమి. పెద్ద పడవ యొకటి వేగముగా ప్రక్కనుండి పోయెను. దాని అలలకు మా పడవ ఊగినది. అంతట మోటారు బ్రాకెట్టుమీద ఒక ప్రక్కకు ఒరిగి, భయంకరముగా మ్రోగెను. అదురుపాటు వలన ఒక మర వదులైపోయినదట. మావారు చుక్కాని పట్టుకొనియుండిరి. నేను వంగి మోటారు పిడిని రెండు చేతులతో పట్టుకొంటిని. నా ప్రక్కన ఎనిమిదేండ్ల మా అమ్మాయి కన్నులప్పగించి చూచుచుండెను. మావారు వచ్చి యంత్రము నాపి, లంగరు వేసి, మరలు బిగించునంతవరకు నా చేతులు విడువలేదు. తిరుగుచున్న పంకా ఎటు మళ్లియుండునో తలచుకొన్న నిప్పటికిని నాకు గుండె దడదడలాడును. పాడియావు దూడకైనను పలుపు కట్టుదుమే, బియ్యపు మూటంత ఇనుమును సముద్రముమీద కట్టకుండ ఎట్లు విడిచితిమో!

నాటినుండి మోటారునకు గట్టి తాడు కట్టి, ఆ తాటి రెండవ కొనను బ్రాకెట్టునకు గాక పడవకే కట్టుచున్నాము. బయలుదేరుటకు ముందొకసారి, కొంతసేపు నడచిన పిమ్మట మరియొకసారి మరలను చేతితో తిప్పి చూతుము. పడవ గోడ లోపలివైపున వాషరులు మాత్రమే యుండగా వానిని తీసి, మందమైన పలక నుంచి బోల్టులు బిగించిరి. ఉయ్యాల కొక్కెమునకు దూలమెట్లో, మోటారునకు ఆ పలక యట్లు. భారమంతయు నాలుగు రంధ్రములమీద పడక విశాలముగా పరచుకొనును.

రెండవ ఆపద ఇంటనే కలిగినది. శీతాకాలము రాగా మావారు మోటారును విప్పి తెచ్చి, నేలమాళిగలో పాత తివాచీమీద పరుండబెట్టిరి. వారు మోసికొని పోవుచుండగా నేను చూచితిని. ఎచట పెట్టుచున్నారని అడుగనైన లేదు. మరునాటి సాయంకాలము బట్టలు ఉతుకుటకై దిగుచుండగా మెట్లమీదనే పెట్రోలు వాసన ముక్కునకు కొట్టెను. మోటారులోని చిన్న తొట్టిలో పెట్రోలు మిగిలియుండెను. మూతమీది గాలిరంధ్రము మూయలేదు. అది రాత్రియంతయు తివాచీలోనికి కారినది. పది అడుగుల దూరమున గ్యాసుతో నీళ్లు కాచు యంత్రము. దాని మంట నేలకు జానెడెత్తున!

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక నేలమీద ప్రాకి నిప్పును వెదకికొనును. నేను దీపపు మీటను ముట్టక వెనుదిరిగి, అమ్మాయిని, మావారిని వెలుపలికి పిలిచి, వీధిలోనుండి అగ్నిమాపక దళమునకు ఫోను చేసితిని. వారు వచ్చి గ్యాసు నాపి, తలుపులు తెరచి, మోటారును తివాచీని పెరటిలోనికి చేర్చిరి. ఆ రాత్రి మావారు "తప్పు నాది" అనిరి. "నాదికూడ నండీ, చూచియు అడుగలేదు" అంటిని. మా అమ్మ కిరసనాయిలు డబ్బాను వంటయింటి గడప దాటనిచ్చెడిది కాదు. ఆమె కూతురనై యుండియు, మోటారు పురుషుల వస్తువని ఊరకుంటిని.

ఇప్పుడు దాని పోషణ ఇద్దరిదియు. చాపలెత్తగానే మోటారును నీటిపైకి లేపెదము. ఉప్పునీటిలో ఊరక నానిన లోహము తినిపోవును, పడవ నడకయు మందగించును. దానిని పడవ గదిలో ఎన్నడును పెట్టము. అచట ఆవిరి పడవ అడుగున నిలిచిపోవును. శీతాకాలమునకు ముందు పీపాలో మంచినీరు పోసి, మోటారును అందులో కొంతసేపు నడపి లోపలి ఉప్పును కడుగుదుము. తొట్టిలోని పెట్రోలు తీసివేసి, కార్బ్యురేటరులోనిది అయిపోవువరకు నడపుదుము. ఇచటి పెట్రోలులో కలిసిన ఇథనాలు తేమను పీల్చి చెడును. పిదప గేరునూనె మార్చెదము. పాతనూనె పాలవలె తెల్లగా నున్నచో నీరు చేరినట్లు. ఆ నీరు గడ్డకట్టిన పెట్టె పగులును. తుదకు ఇంటికి దూరముగా నున్న పెరటి కొట్టములో చెక్కపీటమీద నిలువుగా నుంచెదము. కారులో పరుండబెట్టవలసి వచ్చినచో, ముందు నిలువుగా నుంచి నీరు కారనిచ్చి, కంపెనీవారి చిన్న పుస్తకములో చూపిన ప్రక్కకే పరుండబెట్టుదుము. మరియొక ప్రక్కకు వంచినచో నూనె సిలిండరులోనికి పారును.

తరువాత నొక సంగతి చదివి సంతసించితిని. నార్వేలో పుట్టి అమెరికా చేరిన ఓలె ఎవిన్‌రూడు 1909లో ఇట్టి మోటారును అమ్మకమునకు తెచ్చెను. దాని శక్తి ఒకటిన్నర అశ్వబలము, బరువు సుమారు 62 పౌన్లు, అనగా 28 కిలోలు. యంత్రము భర్త చేయగా, వ్యాపార వ్యవహారము నడపినది ఆయన భార్య బెస్సు. మొదటినుండియు ఈ వస్తువునకు ఇంటి ఇల్లాలి చేయి తగిలియే యున్నదన్నమాట.

మా అమ్మాయికిప్పుడు పదునాలుగేండ్లు. రేవు విడుచుటకు ముందు చాపల సంగతి అడుగదు, తినుబండారముల సంగతి అడుగదు. వెనుకకు వచ్చి, "అమ్మా, తాడు కట్టావా?" అని అడుగును. నేను కట్టితినని చెప్పినను, తాను వంగి ఒకసారి లాగి చూచుకొనును.