సికింద్రాబాద్‌లో ఆట నేర్పిన వాళ్లు

సికింద్రాబాద్ అనగానే ఎవరికైనా ఏం గుర్తొస్తాయి? రైల్వే స్టేషన్, క్లాక్ టవర్, లష్కర్ బోనాలు, ప్యారడైజ్ బిర్యానీ... జాబితా ఇక్కడితో ఆగిపోతుంది. కానీ ఈ ఊరికి ఇంకో ఆస్తి కూడా ఉంది. మైదానాలు! ప్యారడైజ్ నుంచి పాట్నీ సెంటర్ దాకా ఒక్కసారి నడవండి. పరేడ్ గ్రౌండ్స్, జింఖానా... నడిబొడ్డున ఇంత ఖాళీ నేల ఉన్న ఊళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? గజం స్థలం లక్షలు పలికే చోట ఈ నేల ఇంకా పిల్లల కాళ్ల కిందే ఉండటం అదృష్టమే.

దీనికి కారణం చరిత్రలో ఉంది. మూడో నిజాం సికందర్ జా పేరుతో 1806లో వెలసిన ఊరు ఇది. పుట్టుకే సైనిక శిబిరంగా. సిపాయిలకు కవాతు స్థలం కావాలి, దొరలకు ఆటస్థలం కావాలి. 1874లో రైలొచ్చింది. రైలుతోపాటు రైల్వే కాలనీలూ, రైల్వే మైదానాలూ వచ్చాయి. మిషనరీ బడులు అంతకుముందూ వచ్చాయి, ఆ తర్వాతా వచ్చాయి. ఆడపిల్లలకు ప్రత్యేకంగా పెట్టిన బడుల్లో డ్రిల్ పీరియడ్ అంటే నిజంగానే డ్రిల్ పీరియడ్. లెక్కల టీచరు లాక్కునే గంట కాదు. కంటోన్మెంట్ కుటుంబాలు తరచూ బదిలీల మీద వచ్చి పోయేవే. తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లిష్ కలగలిపి మాట్లాడే ఇళ్లు. ‘అమ్మాయి నిక్కరు వేసుకుని పరుగెత్తడమేంటి’ అని వీధిలో గుసగుసలాడే జనం పాత ఊళ్లతో పోలిస్తే ఇక్కడ కాస్త తక్కువ. అసలు లేరని కాదు సుమా!

బుట్టలో బంతి

ఆడపిల్లలూ ఆటలూ అన్నప్పుడు బాస్కెట్‌బాల్ సంగతి చెప్పుకోకుండా ముందుకెళ్లలేం. ఈ ఆట పుట్టిందే వైఎంసీఏలో. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ కళాశాలలో జేమ్స్ నాయిస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు రెండు పీచ్ పళ్ల బుట్టలను గోడలకు కొట్టించి, కుర్రాళ్ల చేతికి బంతి ఇచ్చాడు. చలికాలంలో గది లోపల ఆడుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా అని! మరుసటి ఏడాదే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ ఆ ఆటను అమ్మాయిలకు నేర్పింది. అంటే ఆటకూ, ఆడవాళ్ల ఆటకూ మధ్య తేడా ఏడాది కూడా లేదన్నమాట. క్రికెట్‌కు ఆ భాగ్యం లేదు.

మన దేశానికీ వైఎంసీఏల ద్వారానే ఈ బంతి చేరింది. సికింద్రాబాద్ వైఎంసీఏ కోర్టు పేరు ఈ ఊళ్లో ఆటలు తెలిసిన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. దీనికి పెద్ద మైదానం అక్కర్లేదు. ఒక చదును నేల, రెండు స్తంభాలు, రెండు రింగులు చాలు. అందుకే ఆడపిల్లల కాలేజీల ఆవరణల్లో ఇది సులువుగా ఇమిడిపోయింది. ప్రహరీ లోపలే కోర్టు ఉండటంతో తల్లిదండ్రులకూ భయం తక్కువ.

మరి ఆ కోర్టు పక్కన విజిల్ పట్టుకుని నిలబడేవారి జీవితం ఎలా ఉంటుంది?

డిగ్రీ అయ్యాక బీపీఈడీ చేయాలి. ఇంకా ఓపికుంటే 1961లో మొదలైన పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థకు వెళ్లి కోచింగ్ డిప్లొమా తెచ్చుకోవాలి. ఏదో కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ ఉద్యోగం దొరికితే పండగే. బాస్కెట్‌బాల్ కోచ్ అని పేరేగానీ వాలీబాల్ జట్టూ, ఖోఖో జట్టూ, వార్షికోత్సవాల కవాతూ అన్నీ ఆ ఒక్కరి నెత్తినే. అంతర్ కళాశాలల పోటీలు, అక్కడ మెరిస్తే యూనివర్సిటీ జట్టు, ఆపైన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు... ఈ నిచ్చెన చివర అమ్మాయి కళ్ల ముందుండేది పతకం ఒక్కటే కాదు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం! 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దాని కేంద్రమయ్యాక ఈ ఆశకు మరింత బలం వచ్చింది. జాతీయ స్థాయిలో మహిళల బాస్కెట్‌బాల్ అంటే ఏళ్ల తరబడి రైల్వే జట్టు మాటే చెల్లింది. మధ్యతరగతి ఇంట్లో ఆటకు విలువ కట్టేది ఆ ఉద్యోగంతోనే. దాన్ని తప్పు పట్టడానికి మనమెవరం?

అసలు కష్టం కోర్టు బయట ఉంటుంది. పదో తరగతి రాగానే ‘ఇక చాలు’ అంటారు ఇంట్లో. ఎండలో నల్లబడితే సంబంధాలు రావంటుంది నాయనమ్మ. అప్పుడు కోచ్ గారు స్కూటరేసుకుని ఆ ఇంటికి వెళ్లాలి. చాప మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగి, ‘మీ పాపను నేనే తీసుకెళ్లి నేనే తీసుకొస్తానండీ’ అని మాటివ్వాలి. పాస్ నేర్పడం కన్నా ఇది కష్టం. జీతం చీటీలో దీనికి గడి ఉండదు.

అమెరికాలో ఒక పాట్ సమిట్

ఇదే ఉద్యోగం అమెరికాలో ఎలా ఎదిగిందో చూస్తే ముచ్చటేస్తుంది. కాస్త కుళ్లు కూడా పుడుతుంది. 1974లో టెనెస్సీ విశ్వవిద్యాలయం మహిళా జట్టుకు కోచ్‌గా చేరేనాటికి పాట్ సమిట్‌కు 22 ఏళ్లు. నెలకు 250 డాలర్లు. ఆటగాళ్ల బట్టలు తనే ఉతికేది, జట్టు వ్యానును తనే నడిపేది. అప్పటికి రెండేళ్ల ముందే, 1972లో, చదువుల్లో ఆడామగా తేడా చూపితే ప్రభుత్వ నిధులు ఆపేస్తామనే చట్టం వచ్చింది. కాలేజీలు చచ్చినట్టు అమ్మాయిల ఆటలకూ డబ్బులు తియ్యాల్సి వచ్చింది. ఆమె ఒకే కాలేజీలో 38 ఏళ్లు పనిచేసింది. 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్లు! 1984 ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టుకు స్వర్ణం తెచ్చిన కోచ్ కూడా ఆమే. వీటన్నిటి కన్నా నాకు నచ్చింది ఇంకొకటి. ఆమె దగ్గర పూర్తి కాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. 2011లో మతిమరుపు వ్యాధి బయటపడింది. 2012లో తప్పుకుని, 2016లో 64 ఏళ్లకే కన్నుమూసింది.

బట్టలు ఉతికే రోజుల దాకా ఆమె కథ మన సికింద్రాబాద్ కోచ్‌ల కథే. ఆ తర్వాతే దారులు వేరయ్యాయి. అక్కడ చట్టం తోడొచ్చింది. ఇక్కడ ఎవరికి వారే.

కీస్ హైస్కూల్లో ఒక సారు

ఈ ఊరి ఆడపిల్లల ఆటల్లో అందరికన్నా దూరం వెళ్లిన పేరు మిథాలీ రాజ్. తండ్రి దొరై రాజ్ వైమానిక దళంలో పనిచేశారు. 1982లో జోధ్‌పూర్‌లో పుట్టినా పెరిగిందంతా సికింద్రాబాదే. భరతనాట్యం నేర్చుకుంటున్న అమ్మాయి. అన్నయ్య క్రికెట్ శిక్షణకు వెళ్తుంటే వెంట వెళ్లేది. అక్కడ ఆమె చేతికి బ్యాటిచ్చి, ఇందులో ఏదో ఉందే అని పసిగట్టింది ఒకప్పటి హైదరాబాద్ బౌలర్ జ్యోతిప్రసాద్. అయితే అబ్బాయిల మధ్య ఉంచేయకుండా, అమ్మాయిలకు నేర్పే సంపత్ కుమార్ దగ్గరకు పంపారు. సంపత్ కుమార్ శిక్షణలో కీస్ బాలికల ఉన్నత పాఠశాల జట్టు ఆడేది. తన చేతిలో ఉన్న మంచి సరుకును ఇంకొకరికి అప్పగించడానికి ఎంత పెద్ద మనసు కావాలో కోచ్‌లకే తెలుసు!

సంపత్ సారు చండశాసనుడని మిథాలీయే చాలాసార్లు చెప్పింది. బడికి ముందు సాధన, బడి అయ్యాక మళ్లీ సాధన. నాట్యమా, క్రికెట్టా అన్న ప్రశ్న ఆ ఇంట్లో వచ్చింది. నాట్యం వెనక్కి వెళ్లింది. 14 ఏళ్లకే 1997 ప్రపంచకప్ ప్రాబబుల్స్‌లో పేరొచ్చింది గానీ తుది జట్టులో చోటు దక్కలేదు. 1999 జూన్ 26న ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఐర్లండ్ మీద తొలి వన్డే ఆడి 114 పరుగులతో అజేయంగా నిలిచింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు. ఆ మ్యాచ్ చూడటానికి, కనీసం మర్నాడు పేపర్లో చదవడానికైనా సంపత్ కుమార్ లేరు. అంతకుముందే రోడ్డు ప్రమాదంలో పోయారు.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. వెస్ట్ మారేడ్‌పల్లి కస్తూర్బా గాంధీ కాలేజీలో చదువు, రైల్వే ఉద్యోగం, 2002లో టాంటన్‌లో 214 పరుగుల అప్పటి ప్రపంచ రికార్డు, 232 వన్డేల్లో 7,805 పరుగులు, 2022 జూన్‌లో వీడ్కోలు. అదే ఏడాది వచ్చిన ‘శభాష్ మిథూ’ సినిమాలో సంపత్ సారు పాత్రను విజయ్ రాజ్ పోషించాడు. ఆ కోచ్ ముఖం ఎలా ఉంటుందో తెలియని దేశమంతా అలా ఒక నటుడి ముఖాన్ని చూసింది.

పూర్ణిమారావు ఇన్నింగ్స్

సంపత్ కుమార్‌ది సగంలో ఆగిన ప్రయాణం. పూర్తి ప్రయాణం చూడాలంటే పూర్ణిమారావు దగ్గరకు రావాలి. 1967లో సికింద్రాబాద్‌లో పుట్టారు. ఆఫ్ స్పిన్ వేసే ఆల్‌రౌండర్. 1993 ప్రపంచకప్‌తో అంతర్జాతీయ క్రికెట్‌లోకి వచ్చి, 5 టెస్టులు, 33 వన్డేలు ఆడారు. భారత జట్టుకు నాయకత్వం వహించారు. 1995 నవంబరులో జంషెడ్‌పూర్ టెస్టులో నీతూ డేవిడ్ ఒకే ఇన్నింగ్స్‌లో 53 పరుగులిచ్చి 8 వికెట్లు పడగొట్టింది. మహిళల టెస్టుల్లో అంతకు మించిన ప్రదర్శన లేదు. అయినా మ్యాచ్ ఇంగ్లండ్‌దే. రెండంటే రెండు పరుగుల తేడా! ఆ రోజు మన కెప్టెన్ పూర్ణిమే.

ఆ తరం ఎలా ఆడిందో ఒక్క లెక్క చాలు. 2005లో మిథాలీ నాయకత్వంలో మన జట్టు ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్తే, ఆటగాళ్లకు ముట్టింది మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున. మహిళల క్రికెట్ 2006లో బీసీసీఐ గొడుగు కిందికి వచ్చింది. అంతకుముందు రిటైరైన పూర్ణిమకు ఆ నీడ ఆటగత్తెగా దక్కలేదు. మిథాలీ తొలి రోజుల్లో ఎయిరిండియా జట్టులో ఈమెతో కలిసి ఆడింది. ఆ తర్వాత అదే మిథాలీ కెప్టెన్‌గా ఉన్న భారత జట్టుకు పూర్ణిమ కోచ్! ఒకే ఊరి ఇద్దరు ఆడవాళ్ల చేతిలో దేశం జట్టు. మన పేపర్లు దీన్ని ఇంకాస్త పెద్దగా రాసి ఉండాల్సింది.

2016 చివర్లో బ్యాంకాక్‌లో ఆసియాకప్ గెలిచారు. 2017 ఫిబ్రవరిలో కొలంబోలో ప్రపంచకప్ అర్హత పోటీల ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద చివరి బంతికి, ఒకే ఒక్క వికెట్ తేడాతో నెగ్గారు. రెండు నెలలు తిరగలేదు. ఏప్రిల్లో బీసీసీఐ పూర్ణిమను తప్పించి తుషార్ అరోఠేను తెచ్చింది. ప్రపంచకప్ మరో రెండు నెలల్లో ఉందనగా! జట్టు అర్హత సాధించేదాకా పనికొచ్చిన మనిషి, అసలు టోర్నీకి ఎందుకు పనికిరాకుండా పోయినట్టు?

జులై 23న లార్డ్స్‌లో ఫైనల్. 9 పరుగుల తేడాతో ఓడాం. అయినా దేశం బ్రహ్మరథం పట్టింది. ఒక్కో క్రీడాకారిణికి 50 లక్షల రూపాయలు ప్రకటించారు. అప్పుడు టీవీల ముందు కూర్చున్న లక్షల మందిలో పూర్ణిమారావూ ఒకరు. అదే వారంలో బెంగళూరులో మన బాస్కెట్‌బాల్ అమ్మాయిలు ఆసియాకప్ బి డివిజన్ గెలిచారు. అది ఎంతమందికి తెలుసు అంటారా... అడక్కండి.

అరోఠే కూడా ఏడాదే ఉన్నారు. తర్వాత రమేశ్ పొవార్, డబ్ల్యూవీ రామన్, మళ్లీ పొవార్... 2023లో వచ్చిన అమోల్ మజుందార్ చేతిలో జట్టు కుదురుకుంది. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి తొలిసారి ప్రపంచకప్ అందుకుంది. ఆ బృందంలో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి, హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి ఉన్నారు. ఈ వరసలో పూర్ణిమ తర్వాత పూర్తికాలపు కోచ్‌గా ఒక్క మహిళ పేరైనా కనిపిస్తుందేమో వెతకండి.

ఆ కప్పు తర్వాత అమ్మాయిలను మైదానానికి తీసుకొచ్చే తండ్రులు అడిగే ప్రశ్నలు మారాయి. ‘ఆడపిల్లకు ఆటలెందుకు’ అనేవాళ్లు ఇప్పుడు ‘ఏ వయసులో చేర్పించాలండీ’ అంటున్నారు. ఫీజెంత, నెట్స్ ఎన్నింటికి, పరీక్షలప్పుడు సెలవిస్తారా, హాజరు తక్కువైతే కాలేజీతో మీరే మాట్లాడతారా... అని ఒకదాని మీద ఒకటి. ఆఖరి ప్రశ్నకు మాత్రం కోచ్ దగ్గర పాత జవాబే ఉంటుంది. ‘మాట్లాడతానండీ, రేపే వెళ్తాను’ అని.