దారిలో తప్పిన కరెంటు

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో పట్టణాలలో స్థిరపడిన తెలుగువారికి బియ్యం కొనడానికైనా, బడికైనా, ఉద్యోగానికైనా చాలావరకు కారే దారి. వేసవిలో ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలైన ఆ ప్రాంతంలో రేడియేటర్ ఫ్యాను మొరాయిస్తే ఇంటి దినచర్యే స్తంభిస్తుంది. పాత కారుతో కొత్త జీవితం మొదలుపెట్టే విద్యార్థులకు ఈ బెడద మరీ ఎక్కువ. స్వదేశంలో షెడ్డు మెకానిక్ ముందు రిలే మార్చి చూస్తాడు, కాకపోతే మోటారు మారుస్తాడు. కూలి తక్కువ కనుక అక్కడ ఊహ చెల్లుబాటవుతుంది. అమెరికాలో గంట పనికి 100 డాలర్లకు పైగా అడగడం సాధారణం, ఒకసారి బిగించిన విద్యుత్ భాగాలను చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. అందువల్ల ఏది ముందు పరీక్షించాలి, ఏది తరువాత అన్న క్రమమే ఇక్కడ అసలు పొదుపు.

లోపం ఫ్యానుదేనా అన్నది కారు నడిచే తీరే చెబుతుంది. హైవేపై వెళ్తున్నంతసేపు ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాను అవసరం అంతగా ఉండదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడి ముల్లు పైకెక్కి, కారు కదలగానే దిగితే ఫ్యానును అనుమానించాలి. హైవేపైనా ముల్లు ఎక్కుతూనే ఉంటే కూలెంట్ మట్టాన్నీ, థర్మోస్టాట్‌నూ, నీటి పంపునూ చూడాలి. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉండి అదే గాలిపై ఆధారపడుతుంది గనుక, కారు ఆగినప్పుడు మాత్రమే ఏసీ చల్లదనం తగ్గడం కూడా ఇదే లోపానికి సూచన.

ఫ్యాను దానంతట అది తిరగదు. కూలెంట్ వేడిని సెన్సర్ కొలుస్తుంది. వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే పదార్థం అందులో ఉంటుంది. చాలా కార్లలో ఆ వేడి 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోకి వచ్చినప్పుడు ఇంజిన్ కంప్యూటర్ రిలేలోని తీగచుట్టకు ఎర్త్ కలుపుతుంది. రిలే అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే విద్యుదయస్కాంత స్విచ్చి. సెన్సర్ కనెక్టర్‌ను ఊడదీస్తే చాలా కార్లలో కంప్యూటర్ ముందుజాగ్రత్తగా ఫ్యానును నడిపిస్తుంది. అప్పుడు ఫ్యాను తిరిగిందంటే మోటారు, రిలే, ఫ్యూజు, తీగలు ఒక్కసారిగా నిర్దోషులవుతాయి, అనుమానం సెన్సర్ వైపు మళ్లుతుంది. పైసా ఖర్చులేని ఈ పరీక్షను వదిలి నేరుగా మోటారు కొనేవారూ ఉన్నారు.

సెన్సర్ కనెక్టర్ ఊడదీసినా ఫ్యాను తిరగకపోతే మల్టీమీటరు తీయాలి, కాని అది చెప్పిందల్లా నమ్మకూడదు. ఫ్యాను కనెక్టర్ ఊడదీసి కొలిస్తే 12 వోల్టులు కనిపిస్తాయి, వెంటనే మోటారు పోయిందన్న తీర్పు వెలువడుతుంది. అయితే మీటరు దాదాపు కరెంటేమీ తీసుకోదు కనుక, పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలిన తీగ కూడా దానికి 12 వోల్టులు చూపగలదు. ఫ్యాను 25 ఆంపియర్లు అడిగినప్పుడు మాత్రం అది చేతులెత్తేస్తుంది. కనుక కనెక్టర్ తగిలించి, ఫ్యానును నడిపించే స్థితిలో ఉంచి, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగెటివ్‌పైనా, మరొక మొనను ఫ్యాను ఎర్త్ తీగపైనా ఆనించాలి. అక్కడ 0.2 వోల్టుకు మించి కనిపిస్తే ఎర్త్ మార్గంలో అడ్డు ఉందని అర్థం. ఆ అడ్డు ఓములో పదోవంతే అయినా, 25 ఆంపియర్ల వద్ద 2.5 వోల్టులు అక్కడే ఖర్చయి, 60 వాట్లకు పైగా వేడి పుట్టి, కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరుగుతుంది. మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాలలో చలికాలం రోడ్లపై చల్లే ఉప్పు ఈ ఎర్త్ బోల్టులను తినేస్తుంది. అక్కడినుంచి టెక్సస్‌కు మారే కుటుంబాల కార్లు ఆ తుప్పును కూడా వెంట తెచ్చుకుంటాయి.

రెండు ఫ్యానులున్న కార్లలో చిక్కు మరో రకం. జనరల్ మోటార్స్ చాలాకాలం వాడిన మూడు రిలేల అమరికలో, తక్కువ వేగం కోసం రెండు మోటార్లను ఒకదాని వెనుక ఒకటిగా కలుపుతారు, దానితో ఒక్కొక్కదానికి సగం వోల్టేజే అందుతుంది. ఎక్కువ వేగం కోసం రెండింటికీ విడివిడిగా పూర్తి వోల్టేజ్ ఇస్తారు. ఈ అమరికలో ఒక మోటారు లోపల తీగ తెగితే తక్కువ వేగంలో రెండూ ఆగిపోతాయి, ఎక్కువ వేగంలో మాత్రం బాగున్నది తిరుగుతుంది. రెండూ ఆగాయి గనుక రెండూ పోయాయనుకోవడం అక్కడ వృథా ఖర్చు.

అమెరికాలో 1996 నమూనా నుంచి కార్లన్నింటికీ ప్రామాణిక స్కానర్ సాకెట్టు తప్పనిసరి. కొన్ని విడిభాగాల దుకాణాలు ఉచితంగానే లోపం కోడ్ చదివి చెబుతాయి. అందులో వచ్చే పీ0480 అన్న కోడ్‌కు అర్థం మొదటి ఫ్యాను నియంత్రణ సర్క్యూట్‌లో లోపముందనే తప్ప మోటారు పోయిందని కాదు. రిలేలు ఉండే పెట్టెలోనే ఉన్న, అదే నమూనాకు చెందిన మరో రిలేతో ఫ్యాను రిలేను తాత్కాలికంగా మార్చి చూడడం మాత్రం నిజంగా పనికొచ్చే చిట్కా. ఇంజిన్ ఆపిన తరువాత కూడా కొన్ని ఫ్యానులు హఠాత్తుగా తిరుగుతాయి కాబట్టి రెక్కల దగ్గర చేయి పెట్టకూడదు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయనే కూడదు.

చాలా కొత్త కార్లలో రిలేకు బదులు, ఫ్యాను మోటారుకే అతికించిన నియంత్రణ పరికరం ఉంటుంది. దానికి బ్యాటరీ వోల్టేజ్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, వేగం ఎంత ఉండాలన్న ఆదేశం మాత్రం సెకనులో అనేకసార్లు వెలిగి ఆరే సంకేతం ద్వారా అందుతుంది. సాధారణ మీటరు ఆ సంకేతానికి సగటు అంకెనే చూపుతుంది గనుక, పవర్, ఎర్త్ రెండూ సరిగా ఉన్నాయని తేలిన తరువాత అక్కడ సొంత ప్రయోగాలు ఆపి, సంకేతపు ఆకారాన్ని చూపే ఆసిలోస్కోపు ఉన్న వర్క్‌షాపులో పరీక్ష రుసుము చెల్లించడమే చౌక.